కరెంటు పోయిందని చెయ్యి పెట్టాను

నా కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయి ఏడు నెలలు దాటింది. పుండు మానింది. అన్నం ఎడమ చేత్తో తింటున్నాను. ఇది కూడా ఎడమ చేత్తోనే, మా అమ్మాయి శ్రావణి పాత నోటుబుక్కులో రాస్తున్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి రోజుకు ఒక పేజీ కన్నా సాగదు. అయినా రాయాలనిపించింది. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా చదివితే, ఒక్కరైనా ఒక్క నిమిషం ఆగితే చాలు. ఇంకో కారణం కూడా ఉంది. అది ముందుకు పోతుంటే మీకే తెలుస్తుంది.

నా పేరు సమ్మయ్య. నర్సంపేట రోడ్డు మీద ఒక పత్తి మిల్లులో పద్దెనిమిదేళ్ళుగా ఫిట్టర్ని. చివరి ఆరేళ్ళు హెడ్ ఫిట్టర్ని. పత్తిలోంచి గింజ తీసే యంత్రాలు మా మిల్లులో రెండు వరసలున్నాయి. గింజలన్నీ కింద ఒక పొడుగాటి తొట్టిలో పడతాయి. ఆ తొట్టిలో ఇనుప స్క్రూ ఒకటి తిరుగుతూ గింజల్ని బయటికి తోసుకుపోతుంది. తొట్టి మీద రేకు మూతలుంటాయి. స్విచ్చులన్నీ ఆ చివర వేరే గదిలో ఉంటాయి. అక్కడ నిలబడితే ఈ తొట్టి కనిపించదు.

ఆ స్విచ్చుల గది చూసుకునేది మా బావ కొమురయ్య, అంటే నా భార్య రజితకు సొంత అన్న. నన్ను మిల్లులో పెట్టించింది ఆయనే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చప్పుడు మధ్య నిలబడ్డ మనిషి.

చలికాలం, పత్తి బాగా వస్తున్న రోజులు. మధ్యాహ్నం అన్నాలు తిని పనిలోకి దిగిన కాసేపటికి కరెంటు పోయింది. అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అలా ఆగినప్పుడల్లా స్క్రూలో గింజలు, పత్తి కలిసి ముద్ద కట్టి ఇరుక్కుంటాయి. కరెంటు వచ్చేలోపల తీసెయ్యకపోతే మోటారు కాలుతుంది. ఆ పని నాది.

పద్ధతి నాకు తెలియక కాదు. మెయిన్ స్విచ్ దించాలి. దానికి ఎర్ర తాళం వెయ్యాలి. తాళం చెవి నా జేబులో పెట్టుకోవాలి. 'పని జరుగుతోంది' అన్న బోర్డు తగిలించాలి. తర్వాత పచ్చ బటన్ నొక్కి చూసి, యంత్రం కదలడం లేదని రూఢి చేసుకున్నాకే మూత విప్పాలి. కొత్తగా వచ్చిన ప్రతి ఫిట్టర్‌కూ ఇది నేర్పింది నేనే. కానీ ఆ ఎర్ర తాళం స్విచ్చుకు వెయ్యక చాలా నెలలైంది. నట్లు బిగించే పానాలు ఎవరో ఎత్తుకుపోతున్నారని దాన్ని నా సామాన్ల బీరువాకు వేసుకున్నాను. బోర్డు ఎక్కడో మూలకు పడి ఉంది.

కొమురయ్య బావ టీ తాగడానికి గేటు వైపు పోతుంటే చూశాను. ఆయన తిరిగి వచ్చేలోపల నా పని అయిపోతుందనుకున్నాను. పిలిచి చెప్పలేదు. కరెంటే లేనప్పుడు ఇక స్విచ్ ఎందుకనుకున్నాను. మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాను.

కరెంటు వచ్చింది. బావ టీ మధ్యలో వదిలేసి, వేరే తలుపు గుండా పరుగున తన గదిలోకి పోయాడట. కరెంటు రాగానే అన్నిటికన్నా ముందు స్క్రూ మొదలుపెట్టాలి, లేకపోతే గింజలు పైకి పొంగుతాయి. ఆ వరస కూడా నేను చెప్పిందే. ఆయన పచ్చ బటన్ నొక్కాడు.

నొప్పి కన్నా ముందు లాగడం తెలిసింది. ఎవరో బలమైన మనిషి చెయ్యి పట్టుకుని కిందికి గుంజుతున్నట్టు అనిపించింది. నేను అరిచానట. నాకు గుర్తు లేదు. పత్తి ఏరే రాధమ్మ పరుగెత్తి పోయి బావ భుజం పట్టుకుని ఊపితే గానీ ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత యంత్రం ఆగింది.

వరంగల్ దాకా మిల్లు బండిలో తీసుకొచ్చారు. దారి పొడుగునా బావ తన తువ్వాల నా చేతికి చుట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. "ఏం గాదు బావా, ఏం గాదు, ఫికర్ చెయ్యకు" అని ఒకటే మాట. ఆయన పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది.

మొదటి పది రోజులు పెద్ద దవాఖానలో. ఏ రోజు ఏం జరిగిందో వరస చెప్పలేను. మెలకువ వచ్చినప్పుడల్లా కుడి చేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నట్టు, వాటిని చాపుకోవాలన్నట్టు ఉండేది. దుప్పటి తీసి చూస్తే అక్కడ వేళ్ళు లేవు. రజిత మంచం పక్కన కింద చాప పరుచుకుని ఉండేది. ఏడ్చేది కాదు. వచ్చినవాళ్ళందరికీ అదే పనిగా ఎట్లా జరిగిందో చెప్పేది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయేది. స్విచ్ వేసింది తన అన్నే అని చెప్పాల్సినచోట.

మూడో రోజో నాలుగో రోజో మేనేజర్ సారు వచ్చాడు. రజిత నా తల దగ్గర నిలబడి ఉంది. సారు మెల్లగా అడిగాడు.

"సమ్మయ్యా, తాళం ఎందుకెయ్యలే?"

నేను కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాను.

"పోనీ, లోపల చెయ్యి పెడుతున్నానని కొమురయ్యకు చెప్పినవా?"

ఆ ఒక్క క్షణంలో నేనేం ఆలోచించానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. మందుల మత్తు అని చెప్పుకోవచ్చు. కానీ మత్తు అంత లేదు. పదిమందికి నేర్పిన హెడ్ ఫిట్టర్, తనే తాళం వెయ్యక చెయ్యి పోగొట్టుకున్నాడని మిల్లంతా అనుకుంటుందన్న సిగ్గు ఉంది. నా తల మీద రజిత చెయ్యి ఉంది.

"చెప్పిన సార్" అన్నాను.

ఆ మాట గదిలోంచి నాకంటే ముందు బయటికి పోయింది. సాయంత్రానికి మిల్లులో అందరికీ తెలిసింది. సమ్మయ్య చెప్పాడు, కొమురయ్య వినిపించుకోలేదు. మర్నాడు బావ బత్తాయిలు పట్టుకుని వార్డు గుమ్మం దాకా వచ్చాడు. రజిత అడ్డం పోయింది.

"మా ఆయన చెప్పంగ చెప్పంగ స్విచ్ ఏసినవ్ గదనే అన్నా! ఇప్పుడు పండ్లు పట్టుకొని వచ్చినవా? నీ మొకం సూడ. పో."

ఆయన కాదనలేదు. నాతో ఎప్పుడు చెప్పాడని అడగలేదు. వార్డులో అందరూ చూస్తుంటే తల వంచుకుని, "నాకు ఇనవడలేదేమో చెల్లే" అన్నాడు. పండ్ల సంచి గుమ్మం పక్కన పెట్టి పోయాడు. నేను కళ్ళు మూసుకుని, నిద్ర పోతున్నట్టు పడుకున్నాను.

ఇంటికి వచ్చాక నెలన్నర దాకా వేరే రకం కష్టం. చొక్కా గుండీలు, చెప్పుల పట్టీ, స్నానం, ప్రతిదానికీ ఎవరో ఒకరు కావాలి. శ్రావణి పదో తరగతి. బడికి పోయేముందు నా తల దువ్వేది. రజిత అన్నం కలిపి పెడుతుంటే నాకు కోపం వచ్చేది. కంచం తోసేవాణ్ణి. ఆమె మెతుకులు ఏరుకుని మళ్ళీ కలిపేది. "గాయన చేసిన పనికి మనం ఎందుకు కొట్లాడుకుంటానం?" అనేది. తన అన్న పేరు కూడా ఎత్తేది కాదు, 'గాయన' అనేది. కాశిబుగ్గలో ఆయన ఇంటి వీధి గుండా పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేది. మేనమామ ఇంటికి పోవద్దని శ్రావణికి గట్టిగా చెప్పింది. ఆమె నాకోసం చేస్తున్న ప్రతి పని వెనకా నేనాడిన అబద్ధం ఉంది. ఆమె ఎంత మంచిగా చూసుకుంటే నాకు అంత ఊపిరాడేది కాదు.

ఒక రోజు రజిత లేని సమయం చూసుకుని కొమురయ్య బావ భార్య సుజాతక్క వచ్చింది. లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చుంది.

"ఆయన పనికి పోతలేడు తమ్మీ. మిల్లుల స్విచ్ కాడికెల్లి తీసేసి గేటు కాడ కూసోమన్నరు. రెండు దినాలు పోయిండు, బంద్ పెట్టిండు. అన్నం సరిగ్గ తింటలేడు."

నేను నేల చూస్తున్నాను.

"నన్ను అవతలి అర్రల నిలవెడ్తాండు. ఏదన్న మాట్లాడు, ఇనవడ్తదో లేదో సూస్త అంటాండు. పెద్దగ మాట్లాడు, మెల్లగ మాట్లాడు, గోడకు తిరిగి మాట్లాడు. పొద్దందాక ఇదే పని." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒక్క మాట అడిగి రమ్మన్నడు. నువ్వు చెప్పినప్పుడు పెద్దగ చెప్పినవా, మెల్లగ చెప్పినవా? గంతే. నిన్ను తప్పు పడ్తలేడు తమ్మీ. ఏ చెవికెల్లి ఇనవడలేదో తెలుసుకుంటడట."

ఆమె నా ముఖం వైపు చూస్తూ కూర్చుంది. చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నా నోట వచ్చింది ఇది: "యాదికి లేదక్కా."

ఆమె లేచి, "సరే తమ్మీ, నువ్వు మంచిగుండు" అని పోయింది. మొదటి అబద్ధానికి మందుల వంక ఉంది. రెండోదానికి ఏ వంకా లేదు.

ఎండలు ముదిరేదాకా కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు తిరిగాను. అక్కడ వరండాలో సిమెంటు బెంచీల మీద కూర్చుంటే గంటలు గడిచేవి. ఫ్యాను ఒక్కటే. దాని కింద జాగా కోసం అందరూ పొద్దున్నే వచ్చేవాళ్ళు. కొత్తవాడలో తివాచీలు నేసే రాజయ్య అనే పెద్దాయన కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాడు. నన్ను చూడగానే జరిగి, ఫ్యాను కింద జాగా ఇచ్చేవాడు. నా చీటీ నంబరు వెనక ఉంటే తన చీటీ నాకిచ్చి నాది తను తీసుకునేవాడు. "నాకేం తొందరుంది బిడ్డా, మగ్గం కాడ కూసుండుడు, ఇక్కడ కూసుండుడు, అంతా ఒక్కటే" అనేవాడు. కట్టు విప్పేటప్పుడు నేను పళ్ళు బిగపట్టడం చూసి ఒకసారి లోపలికి కూడా వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

ఒక రోజు అడిగాడు.

"ఎట్లయ్యింది బిడ్డా?"

అందరికీ చెప్పినట్టే చెప్పాను. స్క్రూలో చెయ్యి పెట్టాను, మా బావ స్విచ్ వేశాడు.

ఇంతకుముందు విన్నవాళ్ళందరూ నా చేతి వైపు చూసి 'అయ్యో' అనేవాళ్ళు. రాజయ్య మాత్రం, "మరి ఆయనెట్లున్నడు?" అన్నాడు.

"ఎవరు?"

"మీ బావ. స్విచ్ ఏసినాయన. పాపం, ఆ ఏలు చూసుకున్నప్పుడల్ల ఎట్లుంటదో."

ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ రోజు కట్టు మార్పించుకోకుండానే లేచి వచ్చాను. దవాఖాన బయట ఆటో ఎక్కి కాశిబుగ్గ అన్నాను.

బావ ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి గాబరాగా లేచి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక నా చుట్టూ చేతులాడించాడు.

"ఎండల వచ్చినవేంది బావా! కూసో. జర నీళ్ళు తెమ్మంట."

"నీళ్ళు వద్దు. నేను చెప్పేది ఇను" అన్నాను. గొంతు పెంచి, ముఖంలో ముఖం పెట్టి చెప్పాను. "నేను ఆ రోజు నీకు చెప్పలే."

"ఏంది?"

"స్క్రూల చెయ్యి పెడ్తానని నీకు చెప్పలే. నువ్వు టీకి పోతాంటె సూసిన. పిలవలే. తాళం ఎయ్యలే. సారు అడిగితే చెప్పిన అన్న. అబద్దం. అక్క వచ్చి అడిగితే యాదికి లేదన్న. అదీ అబద్దమే. నీ చెవులకేం కాలే బావా. నేను అసలు మాట్లాడనే లేదు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. తిడతాడేమో, కొడతాడేమో, ఏదైనా సరే అనుకుని నిలబడ్డాను. గుమ్మంలో సుజాతక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వినేసింది.

"ఇన్ని దినాలు నా చెవులనే తిట్టుకున్న గదా బావా" అన్నాడు చివరికి. ఏ కోపమూ లేకుండా, తనలో తను అనుకుంటున్నట్టు. "నువ్వు అరిసిన అరుపు సుత ఇనవడలే. గందుకే, చెప్పింది సుత ఇనవడలేదనుకున్న."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చోబోయాను. భుజం పట్టి ఆపాడు.

"మా చెల్లెకు చెప్పినవా?"

"లేదు."

"ముందు దానికి చెప్పు. పో."

ఇంటికి వచ్చి రజితకు చెప్పాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆమె మంట తగ్గించి, పూర్తిగా విన్నది. కోపం వస్తే ఆమె గొంతు పెద్దదవుతుంది, ఆ రోజు కాలేదు.

"నీ చెయ్యి పోయిందని ఏడ్సిన. మా అన్న పోయిండని ఎవలకాడ ఏడువాలె నేను? అందరి ముంగట మొకం సూడ పో అన్న. నువ్వు నిద్ర పోతలేవు గదా గప్పుడు?"

"పోతలేను" అన్నాను.

పప్పు దించి, చెప్పులు వేసుకుని అన్న ఇంటికి పోయింది. వారం దాకా రాలేదు. శ్రావణి ఇద్దరి మధ్యా తిరిగింది. నాకు అన్నం వండి పెట్టేది గానీ నా ముఖం చూసేది కాదు. రజిత తిరిగి వచ్చింది. ఇంట్లో పనులన్నీ మునుపటిలా చేస్తుంది. మాట్లాడుతుంది కూడా. కానీ నేను ఏదైనా చెబితే, ఒకసారి నా కళ్ళలోకి చూసి గానీ నమ్మదు. అది పోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో.

తర్వాత మిల్లుకు పోయి మేనేజర్ సారు ముందు నిజం చెప్పాను. ఆయన కాగితం మీద రాయించి సంతకం అడిగాడు. ఎడమ చేత్తో నేను పెట్టిన మొదటి సంతకం అది. కొమురయ్య బావను మళ్ళీ స్విచ్చుల గదికి రమ్మని కబురు పంపారు. ఆయన రానన్నాడు. "పచ్చ బటన్ సూస్తె చెయ్యి లేస్తలేదు" అన్నాడట. ఇప్పుడు ఇంటి దగ్గర ఒక కిరాణా కొట్టులో సామాన్లు తూకం వేస్తున్నాడు. ఇరవై ఏళ్ళు చేసిన పని వదిలి.

నన్ను వారానికి రెండు రోజులు పనివాళ్ళకు జాగ్రత్తలు చెప్పమన్నారు. నిలబడి చెబుతాను. కరెంటు పోవడం అంటే యంత్రం ఆగడం కాదు, అది ఎదురుచూస్తోందని అర్థం. కరెంటు తీసినా బిగించిన బెల్టులో బలం ఉంటుంది, పైకెత్తిన బరువులో ఉంటుంది, పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు పైపులో నూనె ఒత్తిడి ఉంటుంది. వాటిని కూడా దించి, వదిలి, చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఎవరి తాళం వాళ్ళదే, ఎవరి తాళం చెవి వాళ్ళ జేబులోనే. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. అవతలి మనిషికి చెప్పాలి, ఆయన తిరిగి చెప్పేదాకా కదలొద్దు. వాళ్ళు శ్రద్ధగానే వింటారు. నా మొండి చెయ్యి చూస్తూ వింటారు. కానీ నేనూ అలాగే శ్రద్ధగా విన్నవాణ్ణే, శ్రద్ధగా చెప్పినవాణ్ణే. అందుకే ప్రతిసారీ తాళం ఎక్కడున్నదో కూడా అడుగుతాను.

వానలు మొదలయ్యాక సుజాతక్క ఫోన్ చేసింది. బావ పిలిస్తే నిజంగానే పలకడం లేదని, దవాఖానలో చెవులు చూపించాలంటే ఒక్కడే పోవడానికి భయపడుతున్నాడని. నేను తోడు పోతానన్నాను. ఆయన వద్దనలేదు.

పొద్దున్నే పోయి చీటీ తీసుకున్నాం. ఒక గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. కాగితం కోసం వరండాలో కూర్చున్నాం. బయట వాన. మిల్లు బండిలో వచ్చిన ఆ రోజు తర్వాత మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు ఆయనే. "కుడి చెవు సగానికి ఎక్కువ పోయిందట. ఎడమది సుత ఖరాబైందట. మిల్లు చప్పుడుకట."

నేను తలాడించాను.

"అంటే నువ్వు చెప్పినా నాకు ఇనవడకపోతుండె బావా. ఎట్లయినా గంతే అవుతుండె."

నన్ను తేలిక చెయ్యడానికే అన్నాడు. ఆ మాట పట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. ఒక్క నిమిషం పట్టుకుందామనే అనిపించింది.

"చెప్పలే గదా బావా" అన్నాను.

ఆయనకు వినపడిందో లేదో తెలియదు. వానలోకి చూస్తూ కూర్చున్నాడు. లోపలి నుంచి నర్సు పిలిచింది, "కొమురయ్యా!" ఆయన కదలలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. నేను ఎడమ చేత్తో ఆయన భుజం తట్టి, చెవి దగ్గరికి వంగి, "నిన్నే పిలుస్తాన్రు" అన్నాను.

"నన్నేనా?" అన్నాడు.

"నిన్నే."

లేచి లోపలికి పోయాడు.